పూజనాడు ఊడిన తీగ

గురువారం, రాత్రి

ఫ్యాను మోత ఎక్కువైందని గోల్‌బజార్‌లో నేను పనిచేసే ఫోటో స్టూడియోలో కంప్యూటర్ పెట్టె విప్పాను. ప్రతి పెళ్లి ఫోటో అందులోని రెండు డిస్కుల్లోనూ పడుతుంది, ఒకటి పోయినా రెండోది ఉంటుందని. ఒకదాని తీగ ఊడి వేలాడుతోంది. దాన్ని ఆనుకుని ఎండిన బంతిపువ్వు.

పనిముట్లకి చేసే విశ్వకర్మ పూజకి పెట్టె తుడిచి, లోపల ఆ పువ్వు దోపింది నేనే. అంటే ఆ రోజునుంచి, రెండు నెలలుగా, ఒక్క డిస్కే నడుస్తోంది.

తీగ బిగించాను. ఈ రెండు నెలల ఫోటోలు ఊడిన డిస్కులోకి ఎక్కడానికి మూడు గంటలు పట్టింది. ఆలోగా నడుస్తున్న డిస్కు ఆగిపోతే ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో ఈ రెండు నెలల పెళ్లిళ్లన్నీ పోయినట్టే. టీ కూడా తాగలేదు.

ఓనరు అప్పన్న మావయ్య వచ్చి, "ఏటమ్మా, పాడైపోనాదా?" అన్నాడు.

"తీగ ఊడిపోనాది మావయ్యా. పూజకాడినుంచి ఒక్క డిస్కే నడిసినాది."

"సూసినావా, పువ్వెట్టినాం కాబట్టే నెట్టుకొచ్చినాది!" అని పెట్టెకి దండం పెట్టాడు.

పువ్వు దోపినప్పుడే తీగ ఊడిందని చెప్పలేకపోయాను. అదైనా రేపు చెప్పొచ్చేమో. కానీ ఈ రెండు నెలలూ 'ఒక డిస్కు కనబడటం లేదు' అని కంప్యూటర్ రోజూ పొద్దున్నే తెర మీద చెప్పింది. రోజూ 'సరే' నొక్కి మూసేసింది కూడా నేనే.