లైన్ ఇవ్వమన్న గొంతు

చిరంజీవి ముస్తకీమ్‌కు అబ్బా దువాలు.

అల్లా దయతో ఇక్కడ అందరం కులాసా. అమ్మకు మోకాలినొప్పి కాస్త తగ్గింది. ఆ కొండల్లో సిగ్నల్ లేదని నువ్వు రాసిన ఉత్తరం సోమవారం చేరింది.

నువ్వడిగింది నిజమే. గాలివానలకు దుమ్ముగూడెం వైపు అడవిలో చెట్లు పడి లైన్లు చాలా తెగాయి. రెండు సెక్షన్లూ పోయిన వారం దాకా నేనొక్కణ్ణే చూశాను. నువ్వు లైన్‌మన్‌గా చేరి రెండు నెలలైనా ఒక్క సెలవూ పెట్టలేదని, అబ్బా కొడుకుననిపించుకున్నానని రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయాను.

పోయిన గురువారం, పట్టపగలు, టేకుచెట్ల మధ్య స్తంభం ఎక్కాను. సబ్‌స్టేషన్‌లో వీరబాబుతో కరెంటు ఆపించాకే ఎక్కాను. ఆకు కదలడం లేదు. పిట్ట అరవడం లేదు. తీగ పట్టుకుని ఉండగా జేబులో ఫోన్ మోగింది.

"అన్నా, ఇంకొకసారి చెప్పు. దిగినవ్ కదా? లైన్ ఇస్తున్న," అన్నాడు వీరబాబు.

"ఎవరు చెప్పిండ్రు? నేను పైన్నే ఉన్న. తీగ చేతిల ఉంది."

"నువ్వే చెప్పినవ్ అన్నా. ఇప్పుడే."

నేను ఫోన్ చేసిన జ్ఞాపకమే లేదు. దిగి చూస్తే, ఐదు నిమిషాల కింద నా ఫోన్ నుంచే కాల్ వెళ్ళింది. అందులో మాటలన్నీ రికార్డవుతాయి కదా, అక్కడే కూర్చుని విన్నాను. నా గొంతే.

"పనైంది వీరబాబూ, దిగిన. లైన్ ఇయ్యి. ఇంటికి పోయి పండుకుంట."

ఆ గొంతులో అలసట లేదు బేటా. హాయిగా ఉంది. అంత హాయిగా నేను మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

సాయంత్రం వీరబాబు ఇంటికొచ్చాడు. మళ్ళీ ఎందుకడిగావన్నాను.

"పదేండ్ల సంది చూస్తున్న. పండుకుంట అన్న మాట నీ నోట ఎన్నడు ఇనలే. గందుకే భయమైంది."

ఇన్నాళ్ళూ దాచింది ఇప్పుడు చెబుతున్నాను. మూడు నెలలుగా నాకు సరిగా నిద్ర లేదు. ఆ గురువారానికి ముందు కూడా రెండుసార్లు, ఎక్కానో దిగానో తెలియక స్తంభం కింద నిలబడిపోయాను. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మగాడికి అలుపేంటని నీకు చెప్పింది నేనే. తప్పు చెప్పాను.

దవాఖానాలో చూపించుకుని సెలవు పెట్టాను. నిన్న మధ్యాహ్నం నిద్రలో నా చేతులు అక్కడ లేని తీగను మెలిపెడుతున్నాయట. అవి ఆగేదాకా అమ్మ రెండు చేతులూ పట్టుకుని కూర్చుందట.

ఇది అందిన రోజే సెలవడుగు. ఇవ్వకపోయినా స్తంభం ఎక్కకు, ఇంటికి రా. నీ మంచం వేసే ఉంచాం.

ఇట్లు,
నీ అబ్బా,
షుకూర్