మూలనున్న పాత మెషీన్

మంఖాల్,
12 జూన్ 2025.

చిరంజీవి శ్రావణ్‌కుమార్‌కు,

అక్క అఖిల దీవించి రాస్తున్నది. బాపు, అమ్మ క్షేమం. నీ కొత్త ఉద్యోగం సంగతి విని అమ్మ పహాడీ షరీఫ్ దర్గాకు పోయి చక్కెర పంచి వచ్చింది.

ఫోన్ చేస్తే నా గొంతులో తేడా పట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. చాలా అలసిపోయానురా.

ఎయిర్‌పోర్టు దగ్గర మా కార్గో ఆఫీసులో లినక్స్ మెషీన్లన్నిటిలో గిట్ పాతబడింది, ఒక్కోదానిలో కొత్తది ఎక్కిస్తున్నాను. ‘ఏంది బిడ్డా, రోజూ గదే పనా’ అని బాపు అడిగితే, కోడ్‌లో ఎవరేం మార్చారో గుర్తుపెట్టుకునేదానికి ముసలితనం వచ్చిందని చెప్పాను. ఒకటి దారికొస్తే ఇంకోటి మొరాయిస్తుంది. కొత్త వెర్షన్ ఎక్కించగానే, ఈ ఫోల్డర్ వేరేవాళ్ల పేరున ఉంది, ముట్టనివ్వను అంటుంది. ఇన్నేళ్లు సాకినదాన్ని, నన్నే ఎవరు నువ్వని అడిగితే ఎట్లా ఉంటుందో చెప్పు.

ఇదంతా ఎందుకో కూడా తెలుసు. మెషీన్లన్నీ ఒకే తీరుకు వస్తే, బయటి కంపెనీవాళ్లు ఎక్కడో కూర్చొని చూసుకుంటారు. ఇక నాతో పనేముంది? నలభై దాటాక నన్నెవరు పిలుస్తారు?

పక్క సీటు జగదీశ్ ‘అక్కా, ఒక్కటి జర పాతదే ఉంచు. దాని సంగతి నీకొక్కదానికే ఎరుక. ఇగ నిన్నెట్ల తీసేస్తరు’ అన్నాడు. మూలన ఒకటుంది. దసరా పూజకు బొట్టు పెట్టాక దాన్ని ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు. దాని లినక్స్ మరీ పాతది, కొత్త గిట్ నేరుగా ఎక్కదు; సోర్స్ కోడ్ తెచ్చి, అక్కడే కంపైల్ చేసి గిట్‌ను తయారుచేసుకోవాలి. ఆ పని నాకు వచ్చు, అయినా కుదరదని మేనేజర్ కళ్యాణి గారికి చెప్పాను. ఆమె నమ్మింది. అబద్ధమాడినందుకు సిగ్గుగానే ఉంది, అయినా ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

ఈ మాట అమ్మతో అనకు. వేళకు తిను.

నీ అక్క,
అఖిల

తా.క.: రాత్రి కవరు అంటించేలోపు ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. మా మెషీన్లు తీసుకునేది మీ కంపెనీయేనట. ఇకమీద వాటిని చూసుకునే మనిషిగా నీ పేరు రాశారు. నీకు చెప్పారో లేదో. ఈ పొద్దున పోయి ఆ మూల మెషీన్‌ను కూడా మార్చేశాను. అది నీ చేతిలో మొరాయిస్తే, చేరీ చేరగానే మాట పడేది నువ్వు. సోమవారం అప్పగింతకు వస్తావట. అన్నం డబ్బా తెచ్చుకోకు, నీకూ నేనే తెస్తాను.