బావ ముక్కు

మంగళవారం, నవంబరు 12, 1968

పోయిన నెల తొమ్మిదో తరగతికి హైడ్రోజన్ పాఠం చెప్పిన రోజు, ఆ ఉత్సాహంలో సూరిబావకి కూడా చెప్పాను. విదేశాల్లో దాంతో నడిచే బండి ఒకటి చేశారట, పొగ ఉండదు, గొట్టంలోంచి నీటి ఆవిరే వస్తుందట. బావ నవ్వాడు. "పొగ లేకపోతే బండికి రోగమేటో నాకెలా తెలుస్తాదిరా?" అన్నాడు.

నిజమే. ఇరవై ఏళ్లుగా బస్సుల షెడ్డులో పొద్దున్నే ప్రతి గొట్టం దగ్గరా వంగి, పొగ పీల్చి, ఇంజనులో ఏం పాడైందో చెబుతాడనే మెకానిక్కుగా ఆయనకున్న పేరు.

ఇవాళ అక్క ఇచ్చిన క్యారియర్ పట్టుకుని షెడ్డుకి వెళ్లాను. గజపతినగరం బస్సు నల్లగా పొగ కక్కుతోంది. బావ వంగి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. దగ్గు ఆగాక నన్ను పక్కకి తీసుకెళ్లాడు.

"నెల్లాళ్ల బట్టి వాసన తెలవట్లేదురా. సప్పుడు ఇని ఏదోటి సెప్పేత్తన్నాను. మీ అక్కకి సెప్పకు."

డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను.

"ఎల్తే ఏటంటాడు? పని మానీమంటాడు. మానేసి ఏటి సెయ్యను?"

పొగ లేని ఆ బండి మా జిల్లాకి ఎప్పుడొస్తుందో, వచ్చేనాటికి బావ...

"నువ్వు సెప్పిన నీళ్ల బండి నా కాడికి వచ్చేసిందిరా. దేనికీ వాసన లేదు" అన్నాడు.

డ్రైవరు మావైపే చూస్తున్నాడు. బావ వెనక్కి వెళ్లి, గొట్టం దగ్గర వంగి, గుండెల నిండా పీల్చాడు.