తీరని అర్జీ

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ అర్జీ పుణ్యమా అని మన వీధికి మురుగు కాలువ వచ్చేసింది!

పోయిన నెల ఇంజనీరు కట్టిన కాలువను చూపించడానికి వచ్చాడు. ఏ కాలువ కట్టినా నువ్వు చేసేటట్టే నేనూ బిందెడు నీళ్లు తెచ్చి ఎగువన గుమ్మరించాను. ఆ నీళ్లు లారీల ఎర్రదుమ్మును కలుపుకుని తీరిగ్గా మన గడపకే తిరిగొచ్చాయి. వీధంతా ఒకటే నవ్వు. “వాళ్ల నాయన యాడికీ పోలేదప్పా, ఈడనే ఉండాడు,” అంది ఎదురింటి మారెక్క. ఇంజనీరు ముఖం కందగడ్డలా చేసుకుని వెళ్లాడు గానీ, వారంలో పగలగొట్టించి వాలు సరిచేసి కట్టించాడు. ఈసారి పోసిన నీళ్లు సందు చివరి దాకా పరిగెత్తాయి.

ఈరోజు మున్సిపాలిటీ గుమాస్తా ఫైలు తెచ్చాడు. “ఇంగేమి తక్కువమ్మా? సంతకం పెడితే మీ నాయన అర్జీ ముగిసిపోతాది.”

పెన్ను తీసుకున్నాను. తీరని అర్జీలను నెలనెలా మున్సిపాలిటీ సభలో పేర్లతో సహా పైకి చదువుతారు కదా. నీ పేరు రాగానే సభ్యులు ఇప్పటికీ నువ్వు కూర్చునే వెనక కుర్చీ వైపు చూస్తారట. సంతకం పెడితే వచ్చే నెల నుంచి నీ పేరు చదవరు.

“మూల మీద మూతబండ కదులుతాండాది. అది సరిచేసినాక రాప్పా,” అన్నాను.

అతను వెళ్లి బండను కాలితో గట్టిగా తొక్కి చూశాడు. అది కదల్లేదు. కాసేపు నా ముఖం చూశాడు.

“ఔనమ్మా, కదులుతాండాది,” అని ఫైల్లో రాసుకుని వెళ్లాడు.