గంటన్నరలో రావలసిన చీర

సూరత్

తమ్ముడు రాజారాంకు అక్క గంగుబాయి దీవించి రాసేది,

ఫోన్ల నువ్వు ఎవరి గొంతంటే వాళ్ల గొంతు తీస్తవు. అందుకే ఉత్తరం. నీ చేతిరాత అయితేనే నమ్ముత. నా కిడ్నీలు పోయినయి. ఇంటికి తీస్కపొమ్మన్నడు డాక్టర్. నేను పోయినంక పుట్టింటి చీర కప్పనిదే నన్ను లేపొద్దని ఇంట్ల చెప్పిన. నాలుగు గంటలకన్న ఎక్కువ ఆగనంటున్నడు మీ బావ. హైదరాబాద్ నుంచి సూరత్‌కు విమానం గంటన్నరేనట, మనుమరాలు శృతి ఫోన్ల చూసింది. నీకు చాలు కదా?

నీ అక్క

మర్చిపోయిన: ముడతలు పడకుంట తే. నలిగిన చీరల నేను ఏడికీ పోలే.

రెంజల్

గంగక్కకు దండాలు,

గంటన్నర విమానానికి అక్కా, నాకు కాదు. అది రెంజల్ల ఆగదు. బోధన్ బస్సెక్కాలె, ఆడికెళ్లి నిజామాబాద్, ఆడికెళ్లి హైదరాబాద్, అది దాటి శంషాబాద్. అక్కడ ముందుగాల కూసోబెట్టి, నడుముకున్న బెల్టు గూడ ఇప్పిస్తరట. ఎంత ఉరికినా ఒక పగలు, ఒక రాత్రి. మీ నాలుగు గంటలయ్యేసరికి నేను కామారెడ్డి కాడ చాయ తాగుతుంట. బావను ఐసు పెట్టె తెప్పియ్యమను.

తమ్ముడు రాజారాం

ఇంకోటి: పోవుడే అయితే తెల్లారంగ పో. పొద్దుగూకినంక మా ఊరికెళ్లి బస్సుండదు.

సూరత్

ఒరే రాజిగా,

ఈసారి దీవెనలు లేవు. ఫోన్ గంటన్నర అంటుంటే నువ్వు పగలు రాత్రి అంటవా? "రానన్న మాటను మీ తమ్ముడు ఎంత పొడుగు సాగదీసిండు!" అని మీ బావ నవ్వుతున్నడు. ఖరాఖండిగ చెప్పు, వస్తవా రావా? రాకుంటే నవీపేట్ భూమేష్‌ను అడుగుత. చిన్నాయన కొడుకైనా తమ్ముడే.

గంగుబాయి

ఐసు పెట్టె వద్దు. చలికి నేను ఆగనని తెల్వదా?

రెంజల్

అక్కా,

భూమేష్ చీరనా? వాడు తెచ్చేది రంగు దిగుతది. నీలంగ అయిపోతవు, పైన నిన్ను ఎవ్వరూ గుర్తుపట్టరు. జర ఓపిక పట్టు. చెరుకు నరికినంక చూద్దాం.

రాజారాం

బావను నవ్వొద్దను. ఆయన వంతుకు నేను చీర తెచ్చేది లేదు.

సూరత్

రాజారాంకు,

నా పానం నీ చెరుకు కోసం ఆగాల్నా? భూమేష్‌కు చెప్పిన. ఇంక ఉత్తరాలు బంద్.

గంగుబాయి

పగలు రాత్రి పడ్తదనే వాడు గూడ అన్నడు. కానీ వస్తనన్నడు.

రెంజల్

గంగక్కకు,

భూమేష్‌ను నువ్వు పోయినంక కాదు, ఇప్పుడే పంపుతున్న. వాని చేతిల మూట నాది. ఆటోల బోధన్ పోయి నేనే కొన్న. దుకాణం మెట్లెక్కేసరికి ఊపిరాడలే, సేటు నీళ్లు తాపిండు. నా గుండె సగమే పనిజేస్తుందట. బస్సు గూడ ఎక్కొద్దని నిజామాబాద్ డాక్టర్ దసరాకే చెప్పిండు. చెరుకు లేదు ఏం లేదు, పొలం కౌలుకిచ్చిన. నా సంగతి వింటే నువ్వు నాకంటే ముందుగాల పోతవని నెపం దూరం మీద పెట్టిన. ఇప్పుడు ఎవరు ముందో తెల్వదు. నేనే ముందైతే నీకు సొంత తమ్ముని చీర దొరకదు.

నీ తమ్ముడు రాజారాం

చీరను దాచకు, కట్టుకో. జాకెట్టు గుడ్డ గూడ పెట్టిన. కప్పే చీర అని చెప్తే "ఆమెకు జాకెట్టెందుకు?" అని సేటు అడిగిండు. మీ ఊరి టైలర్‌కియ్యి. వాడు ఎన్నిసార్లు రేపు రమ్మంటే నాకు అంత మంచిది.