ఏమని పిలవమంటారు

పెన్సిల్వేనియా రాష్ట్రం, ప్లమ్ రన్ ఊరు, బడి వెనక సందులో సొంత ఇంట్లో కాపురముంటూ, ప్లమ్ రన్ ఫ్రెండ్స్ స్కూలు బస్సు నడిపి రిటైరైన లెమ్యూల్ హేగుడ్ అను నేను, ఎనభై మూడేళ్ళ వయసులో, పూర్తి తెలివిలో ఉండి, ఒకరు చెబితేనో బెదిరిస్తేనో కాక నా ఇష్టప్రకారం ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకు ముందు రాసినవి ఉంటే ఇందుమూలంగా రద్దు. నా తెలివి మీద అనుమానం ఉన్నవాళ్ళు మా డాక్టరుని అడగవచ్చు. సంతోషంతో మతి పోవడం కూడా జబ్బే అయితే, ఆ జబ్బు మాత్రం నాకు పోయిన నెల నుంచి ఉంది.

ఎందుకంటే నా కూతురు వెర్నెల్ అదే బడికి హెడ్ అయింది. ఇది వీలునామాలో రాయనక్కర్లేదని లాయరు టింబర్లేక్ గారు అన్నారు. నేను రాస్తాను. ఆ రోజు మీటింగ్ హాల్లో అందరూ బెంచీల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ బడి క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళది, వాళ్ళ దగ్గర ఓట్లు ఉండవు. అందరి మనసూ ఒకటయ్యేదాకా కూర్చుంటారు, ఒక్కరు అడ్డం నిలబడినా పని ఆగిపోతుంది. ఎవరూ నిలబడలేదు. “సమ్మతమేనా” అని అడిగితే “సమ్మతం” అన్నారు, దుప్పటి మడత పెట్టినంత మెల్లగా. చప్పట్లు లేవు. నేను బాప్టిస్టుని, మాది గొంతెత్తి పాడే చర్చి. లేచి “హల్లెలూయా” అని ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను. వెర్నెల్ తల దించుకుని “నాన్నా, కూర్చో” అంది. భుజాలు కదులుతున్నాయి. నవ్విందో ఏడ్చిందో ఇప్పటికీ చెప్పదు.

1. నన్ను మౌంట్ నీబో బాప్టిస్టు చర్చి వెనక, నా భార్య ఒడెస్సాకి, నా కొడుకు థర్మన్‌కి మధ్య ఉంచిన జాగాలో పాతిపెట్టవలెను. పాటలు గట్టిగా పాడవలెను. బడివాళ్ళు వస్తే అందరికీ చేపల వేపుడు, ఆకుకూర, మక్కజొన్న రొట్టె పెట్టి పంపవలెను. కొంచెం చాలు అంటారు. నమ్మవద్దు.

2. నా కారు, బ్యాంకులో ఉన్నది, ఇంట్లో సామానంతా నా కూతురు వెర్నెల్‌కి చెందవలెను. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. వెర్నెల్ తల్లీ, మీ అమ్మ ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీలు పై అలమరలో ఉన్నాయి. నువ్వు సాదాగా ఉండే క్వేకర్లలో చేరాక వాటిని ముట్టుకోలేదు. ఆ ఊదారంగుది, ఈకలున్నది, ఒక్కసారి బడికి పెట్టుకెళ్ళు. పిల్లలు చూడనీ. నిన్ను ఆ కుర్చీలో చూడకుండానే మీ అమ్మ వెళ్ళిపోయింది. నేను చూశాను, ఆవిడ వంతు కూడా నేనే చూశాను, చాలక మళ్ళీ మళ్ళీ వచ్చి కిటికీలోంచి చూస్తున్నాను.

3. బడిలో థర్మన్‌కి టీచరుగా ఉన్న మిస్ డెబోరా కోప్‌లాండ్ గారికి, థర్మన్‌ చిన్నప్పటి గొంతు ఉన్న క్యాసెట్టు, దాన్ని వినడానికి నా టేపు రికార్డరు.

దీనికి కారణం రాయాలి. దక్షిణ కరోలినాలో మా నాన్నని తెల్లవాళ్ళ పసిపిల్లలు కూడా ఒట్టి పేరుతో పిలిచేవారు, ఆయన ముసలివాడై పోయేదాకా. ఆయన మాత్రం వాళ్ళ పిల్లల్ని కూడా గారు అనాలి. అందుకని మా ఇంట్లో పెద్దవాళ్ళని ఎవరూ ఒట్టి పేరుతో పిలవకూడదు. ఆ నియమం మా నాన్న కోసం పెట్టాను, దాన్ని వెనక్కి తీసుకోను. బడిలో వాళ్ళ నియమం వేరు. దేవుడి ముందు అందరూ సమానం కనక మిస్టరు, మిస్సు, గారు ఏవీ ఉండవు. ఒకటో తరగతి పిల్ల కూడా టీచరుని పేరు పెట్టే పిలవాలి. వాళ్ళదీ మర్యాదే.

బస్సు డ్రైవరు పిల్లలకి ఫీజు లేదు కాబట్టి థర్మన్‌ని పదకొండో ఏట అక్కడ చేర్చాను. మిస్ కోప్‌లాండ్ గారూ, ఏడాది చివర మీరు నా బస్సు దగ్గరికి వచ్చి, “లెమ్యూల్, మౌనం థర్మన్‌కి ఎంత బాగా పట్టుబడిందో చూశావా. పుట్టు క్వేకర్ పిల్లలకి కూడా అంత రాదు” అన్నారు. నేను పొంగిపోయి ఇంటికెళ్ళి చెబితే, ఒడెస్సా గరిటె పట్టుకుని అలాగే నిలబడి, “మన థర్మనా? ఆ బడిలో ఇంకో థర్మన్ ఉన్నాడేమో కనుక్కో” అంది. ఇంట్లో వాడు నిద్రలో తప్ప నోరు మూసేవాడు కాదు. ఆ వేసవిలో ఆ బడి వద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు.

చెప్పింది చాలా ఏళ్ళకి, కిడ్నీలు పోయి ఆసుపత్రి కుర్చీలో రక్తం శుభ్రం చేయించుకుంటూ. “నాన్నా, మౌనమూ లేదు, ఏమీ లేదు. చెయ్యెత్తితే ఆవిడని ఏదో ఒకటి అనాలి కదా. డెబోరా అంటే నువ్వు ఊరుకోవు. మిస్ కోప్‌లాండ్ అంటే క్లాసంతా నవ్వేవాళ్ళు. అందుకే చెయ్యెత్తడం మానేశాను.” నవ్వుతూనే చెప్పాడు. ఆ చలికాలం దాటలేదు.

మిస్ కోప్‌లాండ్ గారూ, మీరు చెడ్డవారైతే ఈ సంగతి ఎప్పుడో మీ మొహాన చెప్పేవాణ్ణి. ఒడెస్సా మంచాన పడ్డప్పుడు రోజూ సూప్ తెచ్చిన మనిషికి ఎలా చెప్పను? నాకు కోపం ఉంది. అది నా ఆస్తిలో జమ కాదు, ఎవరికీ చెందదు, నాతోనే వస్తుంది. క్యాసెట్టులో థర్మన్ చర్చిలో ఈస్టరు పద్యం చెబుతాడు. మధ్యలో మర్చిపోయి సొంతంగా ఏదో కల్పిస్తాడు, అందరూ నవ్వుతారు. అది మీ క్లాసులో ఉన్న ఏడాదే. వినండి.

4. నేనున్న ఇల్లు, స్థలం, పెరడుతో సహా. మా రంగు టీచర్లు రెండేళ్ళకి మించి ఎందుకు నిలవరని బడిలో కమిటీలు వేసుకుంటూ ఉంటారు. వైవిధ్యం, సమానత్వం, ఇది మన చోటు అని గోడ మీద రంగుల్లో రాశారు. నేను ఆ మాటలకి వ్యతిరేకిని కాను. కానీ ఈ ఊళ్ళో అద్దె కట్టలేక వెళ్ళిపోతున్నారు. అలాంటి టీచరు కుటుంబానికి ఈ ఇల్లు.

మొదట ఒక షరతు పెట్టాను. బడిలో చేరే ప్రతి మనిషినీ, పిల్లలైనా, టీచరైనా, వంటమనిషైనా, మొదటి రోజే ఇలా అడగాలి: నిన్ను ఏమని పిలవమంటావు, మమ్మల్ని ఏమని పిలిస్తే నీకు నోరు పెగులుతుంది. దీనికి మీటింగంతా సమ్మతిస్తేనే ఇల్లు బడికి. ఒక్కరు అడ్డం నిలబడినా మౌంట్ నీబో చర్చికి.

వెర్నెల్ అది చదివి కాగితం బల్ల మీద పెట్టింది. “నాన్నా, ఇల్లు చూపించి అడిగితే సరేననే అంటారు. అప్పుడు ఇంటి కోసం అన్నారో మనసుకి తోచి అన్నారో నాకెప్పటికీ తెలియదు. షరతు తీసెయ్యి. ఒట్టి చేతులతో నేనే అడుగుతాను.”

“కాదంటే?” అన్నాను.

“వచ్చే ఏడు మళ్ళీ అడుగుతాను. మావాళ్ళు కాస్త నెమ్మది, నాన్నా.”

మావాళ్ళు అంది నా కూతురు. నా కొడుకు ఆ బడి గురించి ఆ మాట ఒక్కనాడూ అనలేదు. నాకు ఒళ్ళంతా సంతోషమైంది, దాంతోపాటే ఏడుపు వచ్చింది. పెరట్లోకి వెళ్ళి టమాటా మొక్కలకి నీళ్ళు పోసి వచ్చాను.

కాబట్టి షరతు కొట్టివేయించాను. నా తదనంతరం సదరు ఇల్లు సర్వహక్కులతో ప్లమ్ రన్ ఫ్రెండ్స్ స్కూలుకి చెందవలెను, వాళ్ళు అలా అడిగినా, అడగకపోయినా. అడగకపోతే నా దగ్గర చేయగలిగింది ఇంకేమీ లేదని నాకు తెలుసు.

5. పై మూడు, నాలుగు క్లాజులు మీటింగ్ హాల్లో అందరి ముందూ చదవవలెను. మూడోది చదవడానికి మిస్ కోప్‌లాండ్ గారి అనుమతి ముందుగా తీసుకోవలెను, వద్దంటే చదవవద్దు. చదివాక, బడివాళ్ళారా, మీరు మౌనంగా కూర్చుంటారు. అది మీ ప్రార్థన, కూర్చోండి. లేచాక మాత్రం, ఆ ఏడాది గొంతు వినపడని పిల్లో పిల్లవాడో ఒకరు ఉంటారు. ఆ మధ్యాహ్నం పళ్ళెం తీసుకెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి. ఏమీ అడగకపోయినా ఫరవాలేదు. మర్నాడు కూడా అక్కడే కూర్చోండి.

2022 మే నెల 17వ తేదీ, మంగళవారం, నా ఇంటి వంటగదిలో చదువుకుని, సరిచూసుకుని చేసిన సంతకం.

లెమ్యూల్ హేగుడ్

మా ఎదుట సంతకం చేసినారు. సాక్షులు:
ఒర్లాండో క్విన్యోనెస్, బడి వంటశాల
టాబిథా యార్నల్, పక్కింటి కాపురస్తురాలు