చెంప మీది వేలిముద్ర

నాయనా, నంద్యాలలో నేను బాగుండా. ఫోన్ చేస్తే ‘ఊ’ అని పెట్టేస్తావని కార్డు రాస్తాండా.

మీడియం ఫార్మాట్ అని ఒక పెద్ద కెమెరాను రెండు దినాలకని స్టూడియోకు తెచ్చినా. నా పాత ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఇచ్చేసి దాన్ని తీసుకోవాల్నా వద్దా అని ఒకటే ఆలోచన. ఆళ్లగడ్డ నుంచి నువ్వు చెక్కి పంపిన అమ్మోరి రాతి విగ్రహాన్ని రెండిట్లోనూ తీసినా. పాతదాంట్లో చెంప నున్నగా ఉంది, అంతే. పెద్దదాంట్లో రాతిపొడి మీద నీ బొటనవేలి ముద్ర గీతగీతా కనపడింది. పని అయినాక చెంప తడిమి చూస్తావు గదా, అదే. అప్పట్నుంచి ఆ గీతల్లోనే కలలో మాదిరి తిరుగుతాండా.

పెద్దదే తీసుకుంటా. అమ్మ మోకాలు ఎట్లుంది? దండాలు చెప్పు. ఆదివారం నువ్వు ఈడికి రా, నీ ఫోటో తీస్తా. చేతులు మాత్రం కడుక్కోవద్దు.

హిమజ